మజూరీ

రేడియో లక్షా ఇరవై వేల తుగ్రిక్‌లట,
నరాన్ తూల్ సంతలో బేరమాడి కొన్నాడట.
అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు చోయ్‌జిల్.
బిగించడానికి ఎనభై వేలు అనేసరికి
ముఖం గంటు పెట్టుకున్నాడు.
"నాలుగు మరలు, రెండు తీగలు. దానికింతా?"

నేను వాదించను.
గోడ మీద రేట్ల పలక ఉంది, నా చేతిరాతే.
స్టీరియోకి ఇంత, వెనక కెమెరాకి ఇంత, అలారానికి ఇంత.
సరుకు మీరే తెచ్చుకుంటే
గ్యారంటీ నా పనికే, సరుక్కి కాదు.
పలక మీద రాయనివి కొన్ని ఉంటాయి,
అడిగిన వాళ్ళకే చెబుతాను.
అతను అడిగాడు.

ఇవాళ మైనస్ ముప్పై ఒకటి.
ఇప్పుడే బయటినుంచి వచ్చిన బండి డ్యాష్‌బోర్డు
గుడ్డుపెంకు లాంటిది.
గంటసేపు షెడ్డులో దాన్ని ఊరికే నిలబెట్టాలి,
పొయ్యిలోకి బొగ్గు ఇటుకలు వేస్తూ.
ఆ గంటా నేనేమీ చేయను.
ఏమీ చేయకుండా ఉన్నందుకే ఇరవై వేలు.
తొందరపడితే ఒక క్లిప్పు పుటుక్కుమంటుంది,
జపాన్ వాడే చేయడం మానేసిన మోడలుకి
ఆ క్లిప్పు నేనెక్కణ్ణుంచి తేను?

పసుపు తొడుగున్న తీగల జోలికి పోకూడదు,
పోతే ఎయిర్‌బ్యాగు ముఖం మీద పేలుతుంది.
పోకూడదని తెలిసి ఉండడానికి ఎంత వేసుకోమంటావు?

ప్యానెల్ ఊడదీశాక
"టార్చి పట్టుకో" అన్నాను.
లోపల, ఎవడో పళ్ళతో ఒలిచి
మెలిపెట్టి
నల్ల టేపు చుట్టిన పిడికెడంత ముడి.
"వాడు ఐదు వేలకే చేశాడు" అన్నాడు చోయ్‌జిల్,
మొదట గొప్పగానే,
చివరి మాట దగ్గర గొంతు తగ్గించి.

విప్పాను. కత్తిరించాను. టంకం పెట్టాను.
ఎక్కడికీ పోని తీగ ఒకటుంటే తీసేశాను.
రేడియో వెలిగింది.
జపాన్ బండిలో తొంభై దగ్గరే ఆగిపోయే స్టేషన్లు
ఇప్పుడు నూట ఎనిమిది దాకా పలుకుతున్నాయి.
ఎవరో రేపటి మంచు గురించి చెబుతున్నారు.

అతను వినడం లేదు. ఇంకేదో రావాలన్నట్టు చూస్తున్నాడు.
బండి ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు.
"ఆవిడేది?"
ఎవరావిడ?
"పొద్దున్నే పలికేది. ఏడేళ్ళ నుంచీ.
ఆవిడ మాట విన్నాకే గేరు వేస్తాను.
దోవలో ఎంతమంది ఎక్కి దిగినా
మొదటి మాట ఆవిడదే."

స్టీరింగు కింద చెయ్యి పెట్టి తడిమితే
సబ్బుబిళ్ళంత డబ్బా తగిలింది.
అక్కడి టోల్‌గేట్ల కోసం పెట్టింది.
ఆ దొంగ ముడిలోంచే ఇన్నాళ్ళూ కరెంటు తాగింది.
నేను తీసేసింది దాని తీగే.

తొయామా రేవు యార్డులో రెండేళ్ళు పాతబండ్లు తుడిచాను,
ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు.
కార్డు పెట్టలేదండి, అంటుంది.
అంతే.

"క్షేమంగా వెళ్ళి రమ్మనే కదా?" అన్నాడు.
అలాంటిదే, అన్నాను.

కొత్త ఫ్యూజు, అరమూర తీగ, ఇరవై నిమిషాలు.
డబ్బా గొంతు సవరించుకున్నట్టు కీచుమంది,
తర్వాత ఆవిడ.
చోయ్‌జిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మ్యాగ్మర్ బిల్లు రాస్తున్నాడు.
రేడియో బిగింపు, ఎనభై వేలు.
పాత ముడి విప్పడం, పదిహేను వేలు.
మూడో వరుస మొదలుపెట్టి పెన్ను ఆపి
"ఇదేమని రాయాలి అక్కా, ఎంత వెయ్యాలి?" అన్నాడు.
వదిలెయ్యమన్నాను.

చోయ్‌జిల్ లెక్కపెట్టి తొంభై ఇచ్చాడు.
"ముడికి పది చాలు, అది నా తప్పు కాదుగా."
నా తప్పూ కాదు, అన్నాను.
ఇంకో రెండు వేలు తీశాడు. సరే అన్నాను.

అతని బండి వెనక లైట్లు పొగలో కలిసిపోయాక
మ్యాగ్మర్‌తో చెప్పాను:
పలక తుడువు.
వెచ్చబెట్టే గంటని కూడా ఈసారి పైకెక్కించు,
పాతిక వేలు.
బొగ్గు మళ్ళీ పెరిగింది.