కుంచె కడిగిన నీళ్లు

నగరానికి పడమర, స్టేషన్ నుంచి పన్నెండు నిమిషాల నడక.
సైకిళ్ల కొట్టు పైన మా స్టూడియో.
నా పక్క బల్ల మీద చిగుసా
ఏడేళ్లుగా అడవులు గీస్తోంది.

మనుషుల్ని గీసేవాళ్లది వేరే గది.
ఆమె వంతుకొచ్చేది వాళ్ల వెనకాల ఉండేది:
నాచు పట్టిన రాయి, వాన వెలిసిన కొండ,
పిల్ల పరుగెత్తి వెళ్లిపోయాక
ఇంకా ఊగుతూ మిగిలే గడ్డి.

ఈసారి ఏరు.
కథలో ఆ ఏరు ఊరి మీద అలుగుతుంది.
వచ్చిన దారినే, రాయి రాయి పట్టుకుని
కొండెక్కి వెళ్లిపోతుంది.

ముప్పై రెండో షాటు, అలగక ముందటి నీళ్లు.
అడుగున గులకరాళ్లు కనబడాలి.
మూడుసార్లు గీసింది. మూడుసార్లూ కురాయోషి గారు
చెవి మీది పెన్సిలు తీయకుండానే అన్నారు:
"ఇది నీళ్ల ఫోటో. నీళ్లు కాదు."
నిజమే. ఆమె ఫోటోలు చూసే గీసింది.

ఆదివారం ఏటిని వెతుక్కుంటూ వెళ్లింది.
మ్యాపులో నీలం చుక్కల గీత.
గీత వెంబడి ఒక మందుల షాపు, ఒక ట్యూషన్ సెంటరు,
చెత్త సంచుల మీద కాకులకు అడ్డంగా కప్పిన వల.
తర్వాత పలకలు పరిచిన సన్నటి దారి.
దాని పేరు పచ్చబాట.
పచ్చగా ఉన్నది బోర్డు ఒక్కటే.

ఆకులు ఊడుస్తున్న ముసలాయన, తోకుజిరో అట,
చీపురు ఆపి చెప్పాడు:
"దాని మీదే నిలబడ్డావమ్మా."

కాళ్ల కింద మ్యాన్‌హోల్ మూత.
మూత మీద పోతపోసిన చేప.
ఆ ఏట్లో మిగిలిన చేప అదే.
మోకాళ్ల మీద కూచుని చెవి ఆనించింది.
లోపల ఎవరో చీకట్లో
గోడ తడుముకుంటూ పోతున్న చప్పుడు.

"ఒలింపిక్స్ జరిగిన ఏడు మూసేశారు. కంపు కొడుతోందన్నారు.
ఆ కంపు ఎవరిదో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదులే."

"నీళ్లు ఏ రంగులో ఉండేవి?"

"రంగెవరు చూశారు? చలి!
పిక్కల దాకా దిగితే పళ్లు టకటకలాడేవి.
ఆఁ... మలుగు చేప పిల్లని పట్టుకుంటే
వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది చూడు,
చెయ్యి ఖాళీ అయినప్పుడు కనబడేది.
ఆ రంగు."

రాత్రి స్టూడియోలో ఇద్దరమే.
ఆమె కుంచెలు కడగడానికి సింకు దగ్గరికెళ్లి
డబ్బా వంచబోయి ఆగిపోయింది.
"ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"
"కిందికి," అన్నాను.
అన్నాక నాకూ తట్టింది.

ఏడేళ్ల దేవదార్లు, వెదురు పొదలు,
మిణుగురులు వాలిన సాయంత్రాలు,
అన్నీ ఈ చిల్లులోంచే దిగాయి.
తెర మీద ఏటికి గుడి కడుతూ
ఇక్కడ రోజూ దాని నోట్లో రంగు పోశాం.

ఆ నీళ్లు పారబోయలేదు ఆమె.
అందులోనే కుంచె ముంచి మళ్లీ గీసింది.
బురదా కాని, పచ్చా కాని ఒక మసక.
పొద్దున్న కురాయోషి గారు చాలాసేపు చూశారు.
"రాళ్లు కనబడటం లేదు," అన్నారు.
బొమ్మ మాత్రం తిరిగివ్వలేదు.

సినిమా వచ్చింది. నా ముందు వరసలో
ఒక బుడ్డోడు ఆ షాటు రాగానే
రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కున్నాడు.
బయటికొచ్చాక వాడే
ఇనుప చేప మీద ఎగిరెగిరి గంతులేశాడు.
నేనేం అనలేదు.

సింకు కింద ఇప్పుడు పదకొండు గాజు సీసాలు.
మూతల మీద ఆమె రాతలో తేదీలు.
వాటినేం చేయాలో మాకెవరికీ తెలియదు.
ఊడ్చే మనిషి తిట్టుకుంటూ జరిపి ఊడుస్తుంది.

పాత సీసాలో నీళ్లు తేరుకున్నాయి.
అడుగున వేలెడు మందాన
అడవి పేరుకుంది.