దోసిలి కొలత

డాక్టరమ్మ కాగితం మీద రాయలేదు, నోటితోనే చెప్పింది:
"ఇంక రోజాలు వద్దు, బీ జోఖా.
మధ్యాహ్నం మాత్ర తప్పిందా,
ఈసారి వేలితో సరిపెట్టుకోదు ఈ చక్కెర."
ఒక వేలు ఇప్పటికే మొంబాసా ఆసుపత్రిలో వదిలొచ్చాను.
వాదించలేదు.

అరవై ఒక్క రంజాన్లు.
నెలసరి రోజులవీ, నలుగురు పిల్లల పురిటి రోజులవీ
ఏ ఏటి బాకీ ఆ ఏడే
తర్వాతి నెలల్లో ఆకలితో తీర్చేసిన దాన్ని.
ఈ బాకీ మాత్రం
నా పొట్టతో తీరేది కాదట.

మొదటి రోజు మధ్యాహ్నం గడియ పెట్టుకుని
గ్లాసెడు నీళ్ళు తాగాను, దొంగలా.
కిటికీ బయట గాడిద ఒకటి చూసింది.
లాము దీవిలో గాడిదకు తెలిస్తే
ఊరికి తెలిసినట్టే.

ముఅల్లిం బద్రూ మసీదు అరుగు మీద కూర్చుని చెప్పాడు:
"కోలుకునే జబ్బయితే తర్వాత ఉపవాసముండి తీర్చాలి.
కోలుకోనిదైతే రోజుకొక పేదకు తిండి. ఫిద్యా అంటాం.
ఏ రోజుది ఆ రోజే.
కొలత, దోసెడు బియ్యం."
ఎవరి దోసెడని నేనడగలేదు.
ఇంటికొచ్చాక తట్టింది.

నలభై ఏళ్ళు తెల్లవారుజామున
మహంరీలు వేయించి అమ్మిన చేతులివి.
వేళ్ళు ఇప్పుడు ఒకదాని పక్కకొకటి రావు,
పలకరింపుల్లేని అక్కచెల్లెళ్ళలా.
దోసిలి పడితే సందుల్లోంచి గింజలు జారి
చాప మీద టపటప.
జారినవి ఎవరి లెక్కలో పడతాయి?

అందుకని లాలీని పిలిచాను.
జెట్టీలో సిమెంటు బస్తాలు దించే లాలీ,
మడ దుంగలు మోసి మోసి
అరచేతులు తెడ్లయిపోయిన లాలీ.
"నీ తిండి నువ్వే కొలుచుకో."
"నా దోసిలి పెద్దది బీ జోఖా, నష్టపోతావు."
"నా నష్టం నాకొదిలెయ్."

కుండలో చేతులు ముంచి తీశాడు.
పైన నిలిచిన రాశిని బొటనవేలితో చదును చేసి
మిగులు మళ్ళీ కుండలోకే.
నిజాయితీపరుడు.
నాకు ఒళ్ళు మండింది.
"చదును చెయ్యకు. నేనేం కిరాణా కొట్టు పెట్టలేదు."

ఆ బియ్యమే సహరీకి వండుకుని రోజా ఉంటాడు.
మధ్యాహ్నం మాత్ర మింగుతూ కిటికీలోంచి చూస్తాను:
పెదాలు ఎండి, బస్తా కింద వంగి,
ఉప్పుగాలిలో లాలీ.
అతని లోపల నా బియ్యం.
నేను తింటున్నాను,
నా బియ్యం ఉపవాసం ఉంటోంది.
ఈ మాట ముఅల్లింకి చెప్పలేదు. ఒప్పుకోడేమో.

ఇరవై తొమ్మిదో రాత్రి గట్టు మీంచి కేకలు.
నెలవంక! ఒక రోజు ముందే.
కుండ అడుగున ముప్పయ్యో దోసెడు
అలాగే ఉండిపోయింది.

పండగ పొద్దున్నే తలుపు చప్పుడు.
ఉతికిన కంజూలో లాలీ.
చేతులు అలవాటుగా దోసిలి పట్టి ఉన్నాయి.
తనే చూసుకుని నాలిక కరుచుకున్నాడు.
"మర్చిపోయాను. బాకీ అయిపోయింది కదూ."
"అయిపోయింది. లోపలికి రా."

కొబ్బరిపాలు పోసి ఆ దోసెడూ పొయ్యి మీదికెక్కించాను.
అతని గిన్నెలో బెల్లం,
నా గిన్నెలో ఆ వాసన.
తలుపు బార్లా తీసి తిన్నాం.
అదే గాడిదనుకుంటా, గడపలోంచి మెడ చాచి
చాప అల్లికలో ఇరుక్కున్న గింజల్ని
తీరిగ్గా పెదాలతో వెతుక్కుంటోంది.