పదిహేడో నిమిషం

వేదాయపాళెంలో మా ల్యాబు మూడో అంతస్తు.
కింద టైర్ల కొట్టు. పైన సముద్రం,
అంటే అందులోంచి తెచ్చిన అయిదేసి గ్రాములు,
గాజు సీసాల్లో, రబ్బరు మూతల కింద.

రొయ్యను నూరి ఉప్పునీళ్లు కలిపి
అరవై డిగ్రీల వేడిలో ఉంచుతాను.
ఒళ్లు విడిచి పైకి లేచిందేదో
మూత కింది ఖాళీలో గుమిగూడుతుంది.
వెంట్రుకంత సూది దాన్ని పీల్చుకుంటుంది.

ఆపైన ముప్పై మీటర్ల గొట్టం, చుట్టలు చుట్టలుగా.
తేలికవి ముందు, బరువువి వెనక.
మైపాడు బస్సు దిగేవాళ్లూ అంతే:
ఒట్టి చేతులవాళ్లు ముందు,
గంపలవాళ్లు ఆఖర్న.

కొసన గొట్టం రెండు పాయలవుతుంది.
ఒకటి యంత్రానికి.
ఒకటి నాగూరమ్మ ముక్కుకి.

పామంజి నాగూరమ్మ.
ఎండుచేపల బేరం, నలభై ఏళ్లు.
మా దగ్గర పూటకి నాలుగొందలు.
పరీక్షకి రెండు గంటల ముందు ఆకూవక్కా మానాలంటే
దానికి వేరే యాభై అడిగింది.
ఇస్తున్నాం.

గాజు గరాటు ముందు కళ్లు మూసుకు కూర్చుంటుంది.
వాసన తగిలితే బజర్ నొక్కాలి, పేరు చెప్పాలి.
కంపెనీవాళ్లిచ్చిన పేర్ల పట్టీ ఉంది నా దగ్గర:
చేప, గడ్డి, లోహం, కుళ్లు.
ఆమె దాని మొహం చూడలేదు ఏనాడూ.

రెండో నిమిషం, ట్రైమిథైలమీన్:
"మాపటేళకి అమ్ముడుపోని గంప."
మూడు దాటాక, డైమిథైల్ సల్ఫైడ్:
"నీళ్లు తీసినాక ఇసకలో నోరు తెరిచిన గుల్ల."
తొమ్మిది:
"నానిన తాటాకు. లోపలేపు."
పన్నెండున్నర:
"దోసకాయ కోస్తుండారు. ఎవురో పక్కింట్లో."

రాసుకుంటాను.
పక్కన ఇంగ్లీషు పేరు, అణుభారం, శాతం.
తెరమీద కొండలు లేస్తాయి, దిగుతాయి.

ఇరవై మూడో నిమిషం దగ్గర ఒక కొండ ఉంది.
బ్రోమోఫినాల్. చెరువు రొయ్యలో దాదాపు రాదు,
కడలి రొయ్యలో వస్తుంది.
నాకైతే ఆసుపత్రి దూదిలా గుప్పుమంటుంది.
అక్కడ ఆమె బజర్ నొక్కదు.
ఎన్ని సీసాలు మార్చినా నొక్కదు.
"ఏమీ తగల్లేదా?" అన్నాను ఒకసారి.
"తగలడానికేముండాది అబ్బయా,
గాలేగా అది."

నిన్న గంగపట్నం చెరువుల సరుకు.
నలభై కౌంటు, కృష్ణపట్నంలో కంటైనర్ సిద్ధం.
పదిహేడో నిమిషం. తెర చదునుగా ఉంది,
ఇస్త్రీ చేసిన పంచెలాగా.
బజర్ మోగింది.

"తొలి వాన పడిన దుమ్ము" అంది.
కళ్లు తెరవకుండానే మళ్లీ అంది:
"మంచి వాసనే. రొయ్యలోకి యాడ్నించొచ్చిందో."

జియోస్మిన్.
చెరువు అడుగున నాచు పాడైతే పుడుతుంది.
లారీడు నీళ్లలో చిటికెడు చాలు,
మనిషి ముక్కు పట్టేస్తుంది, మా యంత్రం పట్టదు.
రెండో సీసా పెట్టాను. తెర చదును. బజర్.
మూడోది. చదును. బజర్.

మస్తానయ్య సారు వచ్చి కాగితం అటూ ఇటూ తిప్పి,
"కొండేదీ?" అన్నారు.
"ఆమెకి..."
"ఆమె ముక్కుకి సర్టిఫికెట్ ఉందా?
లేదని రాయి."

లేదు అని రాయబోయాను.
అల్లూరు బస్సులో ఆమె గంపను
టాపు మీద పెట్టించిన కండక్టర్ గుర్తొచ్చాడు.
వాడూ ముక్కును నమ్మే ఆ పని చేశాడు.
దానికెవరూ సర్టిఫికెట్ అడగలేదు.

పరికరానికి అందలేదు, అని రాశాను.
సారు చదవకుండా సంతకం పెట్టారు.

ఆ రెండు మాటల మధ్య ఎంత చోటుందో
కొనేవాడు చూస్తాడా? చూడడు.
కంటైనర్ వెళ్లిపోతుంది.
నేను చేసిందేమీ గొప్ప పని కాదు.

అందరూ వెళ్లాక నాలుగో సీసా ఎక్కించి
గరాటుకి నా ముక్కు ఆనించాను.
పదహారు. పదహారున్నర.
వచ్చిందనుకున్నాను.
అనుకున్నానంతే.

వెనక తలుపు దగ్గర నాగూరమ్మ,
సంచి కోసం తిరిగొచ్చినట్టుంది,
బొడ్లోంచి పొట్లం తీసి విప్పుతూ:
"అయిపోయినట్టేనా నీ పరీక్షలు?
ఇంక ఆకేసుకోవచ్చునా నేను?"