ఎనిమిదో గడి

తొమ్మిది ఇళ్లు, ఎనిమిది గడులు.
నంబర్లు ఎవరూ వేయలేదు.
ముందొచ్చినవాళ్లదే చోటు, అంతా పెద్దమనుషులమే అన్నారు
నేను ఇల్లు కొన్నప్పుడు.
ఎనిమిదోదాంట్లో ముదురెరుపు రోవర్ ఒకటి,
మూడేళ్లుగా
కదలదు, మెదలదు.

గాలి పోయిన టైర్లు నేలకి అంటుకుపోయాయి.
కిటికీ రబ్బరంచున నాచు.
పక్క అద్దంలో సాలీడు కాపురం పెట్టి
నాకన్నా హాయిగా ఉంది.
బానెట్ సందులోంచి ఏదో మొక్క తల బయటపెట్టి
హల్ ఊరి వానని
ఒక్క చుక్క వదలకుండా వసూలు చేసుకుంటోంది.

నాది రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
తెల్లారి ఐదింటికి ఒళ్లంతా పిండి వాసనతో వస్తే
ఏడు గడులూ నిండుగా నిద్రపోతుంటాయి.
రెండు వీధుల అవతల, చేపల కొట్టు ముందు కారు పెట్టి
నడిచొస్తాను.
మోకాళ్లు అడుగడుక్కీ లెక్క అప్పజెబుతాయి.

కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే, అది ప్రైవేటు స్థలమమ్మా అన్నారు.
పోలీసులు, దొంగబండి కాదుగా అన్నారు.
మెయింటెనెన్స్ కంపెనీవాళ్లు
అరగంట సంగీతం వినిపించి పెట్టేశారు.
కింది ఫ్లాట్ విన్ ఆక్స్‌టబీ
టీ చల్లారేదాకా నాతో కలిసి తిడుతుంది,
మెట్ల మీద అతను ఎదురైతే
"ఇవాళ ఎండ కాసిందే, క్లిఫర్డ్" అంటుంది.
నేనూ అంతే.

చీటీ రాసి వైపర్ కింద పెట్టాను.
వాన చదువుకుంది.
రెండోది ప్లాస్టిక్ కవర్లో.
"దయచేసి" మూడుసార్లు రాసి, రెండు కొట్టేసి.
మూడోదాంట్లో దయ లేదు.
దాన్ని అతని తలుపు కిందనుంచి తోశాను.

పది రోజులు. గోడకి చెప్పుకున్నట్టే.

పదకొండో రోజు మెట్లెక్కాను,
మెట్టుకో మాట నూరుకుంటూ.
క్లిఫర్డ్ స్టాథర్స్ తలుపు తీసి
నా మొహానికి కాస్త పక్కగా చూస్తూ
"గ్లెనిస్ కదూ? ఎడమకాలు ఈడుస్తున్నావే" అన్నాడు.

బల్ల మీద నా చీటీ. దాని మీద భూతద్దం.
"సగం చదివాను. 'తక్షణం' దగ్గర ఆగిపోయాను."

చూపు నడిమధ్య మసక మచ్చ అట,
ఎటు చూస్తే అటు తోడొస్తుందట.
లైసెన్సు ఎప్పుడో వెనక్కి పంపేశాడు.
లింకన్‌లో ఉండే కూతురు ఆదివారం ఫోన్ చేసి
బండి తీశావా నాన్నా అని అడుగుతుంది.
హార్న్‌సీ దాకా వెళ్లొచ్చాను, అంటాడు.
సముద్రం ఇవాళ కాస్త పోటు మీదుంది, అంటాడు.
"కింద బండి ఉన్నంతకాలం
అది పూర్తి అబద్ధం కాదు కదా."

నూరుకున్న మాటలన్నీ మొద్దుబారాయి.
అయినా అనేశాను,
ఇప్పుడు అనకపోతే ఇంకెప్పటికీ అనలేనని:
"క్లిఫర్డ్, నాకా గడి కావాలి."
అతను చాలాసేపు కెటిల్ కేసి చూశాడు,
అంటే, దానికి జానెడు ఇవతలికి.
"ఏప్రిల్లో" అన్నాడు.

ఏప్రిల్లో తుక్కు కొనేవాడు వచ్చాడు.
నూట నలభై పౌండ్లు.
లారీ గేట్లో పట్టదు, రోడ్డు దాకా తోసుకురండి అన్నాడు.
టైర్లకి గాలి కొడితే సగం నిలబడింది.
విన్, నేను, పై అంతస్తు లిథువేనియా కుర్రాడు మాంతస్,
నాలుగేళ్లలో ఆవేళే నాకు పేరు తెలిసిన ఏడో నంబరావిడ,
గౌనులోనే, చెప్పుల్లోనే.
స్టీరింగ్ ముందు క్లిఫర్డ్.
టోపీ పెట్టుకుని వచ్చాడు.

నేల వదలనంది. తర్వాత వదిలింది.
"కుడికి!" "చాలు చాలు!" "కొంచెం ఎడమ, క్లిఫర్డ్!"
నలుగురం నాలుగు రకాలుగా అరిస్తే
అందులోంచి దారి ఏరుకుని తిప్పాడు,
గోడకి గీత పడకుండా.
పదకొండు గజాలు.
రోడ్డంచున ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి,
వెలగని ఇండికేటర్‌ని
వేలితో ఆపేశాడు.

మర్నాడు తెల్లారి ఐదింటికి
ఈల వేసుకుంటూ గేటు తిరిగాను.
ఎనిమిదో గడిలో
విన్ మేనల్లుడి తెల్ల వ్యాను.

చేపల కొట్టు ముందు పెట్టి నడిచొచ్చాను.
పైన కిటికీ తెరుచుకుంది.
"మళ్లీ దూరంగానేనా, గ్లెనిస్?"
అన్నాడు,
నా పక్కనున్న చెత్తడబ్బా కేసి చూస్తూ.