ఒక చుట్టు ఎక్కువ

షట్టరు అంగుళం మాత్రమే ఎత్తి ఉంచితే
కింద నుంచి నీళ్లు ఈల వేసుకుంటూ దూరతాయండి.
ఆ చప్పుడు నాకు నిద్రలోనూ తెలుసు.
ఇరవై రెండేళ్లుగా ఈ లాకుల మీద లస్కర్ని.

ఆ రాత్రి అదే ఈల
కాలవలోంచి కాదు,
మా రూతు గుండెల్లోంచి వచ్చింది.

తొమ్మిదేళ్ల పిల్ల.
మంచం పట్టె పట్టుకుని కూర్చుంది,
భుజాలు చెవుల దాకా లేచి,
గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోయి.
"నా... న్నా... గా... లి."
బయట ఎంత గాలి!
కొబ్బరి మట్టలు విరిగి పడేటంత గాలి.

అమలాపురంలో డాక్టరమ్మ
చీటీ వెనకాల గొట్టం గీశారు.
గొట్టం చుట్టూ పట్టీలు గీశారు. కండరమట.
పరుపులో కంటికి ఆనని పురుగులుంటాయట,
ఎనిమిది కాళ్లవి. కుట్టవు, కరవవు.
మన ఒంటి నుంచి రాలిన పొట్టు తిని
గాల్లో తేమ తాగి బతుకుతాయి.
వాటి పెంట ఎండి, దుమ్మై, ఊపిరి వెంట లోపలికి పోతే
పట్టీ బిగుస్తుందట.

"ఆ పట్టీ చెడ్డదాండి?" అన్నాను.
"చెడ్డదేం కాదు.
అబద్ధపు కబురు నమ్మింది" అన్నారావిడ.

బస్సులో అదే ఆలోచన.
సెక్షన్ ఆఫీసు నుంచి ఫోనొస్తే
ఎందుకని నేనూ అడగను.
దించమంటే దించుతాను.
దిగువన ఎవరి ఆకుమడి నెర్రెలిచ్చిందో
ఎప్పటికో తెలుస్తుంది,
ఒక్కోసారి అదీ తెలియదు.

ఇంకో మాట కూడా అన్నారు.
ఆ కండ ఊరికే బిగిసి ఊరుకోదట,
దుమ్ము తగిలే కొద్దీ బిగియడం నేర్చుకుంటుందట.
లావెక్కుతుంది.
చిన్న కబురుకే పెద్దగా మూస్తుంది.
కిటికీ పక్కన నా కుడి జబ్బ చూసుకున్నాను.
చక్రం తిప్పీ తిప్పీ
ఎడమదానికి ఒకటిన్నర ఉంది.

పరుపు మా అమ్మది. బూరుగు దూది.
తనే ఏరి, గింజ తీసి, కుట్టుకుంది.
ఎండేద్దామంటే శ్రావణం.
గిన్నెలో ఉప్పు నీరైపోయే రోజుల్లో
దూది ఎక్కడ ఆరుతుంది?
గట్టు మీదికి ఈడ్చేశాను.
బతికుండగా అత్తతో ఒక్క పూటా పడని మా ఆవిడ
మూల చింపి, పిడికెడు దూది తీసి,
సీసాలో పెట్టి మూత బిగించింది.
మర్నాడు దాని మీద ఓ కుక్క పడుకుంది.
దానికేం దగ్గు లేదు.

మళ్లీ ఓ రాత్రి వచ్చింది ఈల.
నీలం పంపు నోట పెట్టి ఒక నొక్కు.
పది లెక్కపెట్టమన్నారు.
పిల్లతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను.
ఇంకో నొక్కు.
పావుగంట గోడకి ఆనుకుని విన్నాను,
ఈల సన్నబడి, సన్నబడి,
మామూలు పారకం అయ్యేదాకా.

తెల్లారి ఫోనొచ్చింది, ఆరు చుట్లు ఎత్తమని.
ఏడు ఎత్తాను.
ఎవరూ అడగలేదు.