కొట్టివేయని సున్న

నూక్ ఆసుపత్రి, రెండో అంతస్తు.
కిటికీ అవతల ఫియోర్డ్‌లో మంచుగడ్డలు
ఎవరో పిలిస్తే ఆగినట్టు ఆగి ఉన్నాయి.

నేను మధ్యలో కూర్చుంటాను, అదే నా ఉద్యోగం.
ఎడమన మెరెటె, ఈ వారమే కోపెన్‌హేగన్ నుంచి దిగింది.
కుడిన బొలెట్టె.
తసీలాక్‌లో హెలికాప్టర్ ఎక్కి,
గాలివానకి కులుసుక్‌లో మూడు రోజులు ఇరుక్కుని,
విమానం మారి వచ్చింది.
ఆమెది తూర్పు యాస, నాది పడమటిది.
కొన్ని మాటలు నా దాకా వచ్చేసరికే
తడిసిన అగ్గిపుల్లలు.

మెరెటె కాగితం మీద వంశాన్ని గీస్తుంది.
ఆడవాళ్ళు సున్నలు, మగవాళ్ళు చతురస్రాలు.
జబ్బు పడ్డవాళ్ళని సిరాతో నింపుతుంది.
పోయినవాళ్ళ మీద ఏటవాలుగా ఒక గీత.

"మీ అమ్మగారిది రొమ్ము క్యాన్సరే కదా?"
చెప్పాను. గది నిశ్శబ్దం.
మెరెటె పెన్ను గాల్లో ఆగింది.
"జవాబు వచ్చేసింది," అన్నాను.
"ఎప్పుడు?"
"ఇప్పుడే. కనుబొమలు ఎత్తితే అవును.
ముక్కు ముడిస్తే కాదు."
ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

జన్యువుకి నా దగ్గరున్న మాట
'వెనక వదిలి వెళ్ళింది.'
పడవకి వాడతాం, తుపాకికి, సీలు తోలు బూట్లకి.
బొలెట్టె నవ్వింది, పళ్ళు కనపడకుండా.
"పడవ మా అన్నకిచ్చింది. నాకిదా?"

అప్పుడు మెరెటె
తొమసీనె అనే సున్న మీద గీత గీసింది.
బొలెట్టె అరచెయ్యి కాగితం మీద పడింది.
ముక్కు ముడుచుకుంది.
"కాదు," అన్నాను.
మెరెటె గొంతు తగ్గించి
దుఃఖం గురించి నేర్చుకున్నదేదో మొదలెట్టింది.

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి
ఎవరూ అనని మాట నా అంతట నేను అన్నాను.
"ఈమె చావుని కాదనడం లేదు.
వాళ్ళమ్మ బయట వరండాలో ఉంది.
ఆరేళ్ళు. కాళ్ళూపుతూ బిస్కెట్లు తింటోంది.
మనిషి పోతే తర్వాత పుట్టిన బిడ్డకి ఆ పేరిస్తాం,
పేరుతో మనిషీ వస్తుంది.
తాత ఆ పిల్లని 'మా ఆవిడ' అంటాడు,
సీలు కాలేయంలో మొదటి ముక్క ఆమెకే."

సిరా గీత చెరగదు.
మెరెటె చాలాసేపు దాన్నే చూసి
కొత్త కాగితం తీసింది.
ప్రతి సున్నకీ ముందు ఒకటే ప్రశ్న:
"ఈమె పేరు ఇప్పుడెవరి దగ్గరుంది?"

బొలెట్టె గంటసేపు మాట్లాడింది.
కాఫీ చల్లారింది. నేను తాగలేదు,
ఒక్క మాట కూడా తడవకూడదని.
పిన్ని హంసీనె దగ్గర ఆగింది.
ఆ పేరు ఇంకా ఎవరూ తీసుకోలేదు.
ఆ ఒక్క సున్న మీద
గీత పడనిచ్చింది, తల తిప్పుకుని.

"పేరుతో పాటు నా పిల్లకి ఇదీ వచ్చిందా?"
"ముందు మీలో ఉందో లేదో చూడాలి.
ఉంటే ఆమెకి సగం అవకాశం.
పరీక్ష సంగతి పెద్దయ్యాక ఆమె ఇష్టం.
ఈ రోజు ఇష్టం మీది. వద్దన్నా మీ మాటే."

బొలెట్టె లేచి తలుపు తీసింది.
"అమ్మా, రక్తం ఇవ్వనా?"
అని కూతుర్ని అడిగింది.
ఆ పిల్ల ముందు ఇంకో బిస్కెట్టుందా అంది.
ఒళ్ళో పొడి దులుపుకుంది.
తల్లి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూసింది,
వలకి చిరుగులున్నాయేమో చూసినట్టు.
కనుబొమలు ఎత్తింది.

నేను నోరు తెరిచేలోపే
మెరెటె ఫారం అందుకుంది.