వెంట్రుకవాసి వంకర

నా దగ్గరికి నోళ్ళు మాట్లాడకుండా వస్తాయి.
తెల్లటి జిప్సం అచ్చులు,
అట్టపెట్టెలో, పాత పేపరు చుట్టుకుని.
క్లైపెడా రేవులో ఓడలు కూతపెడుతుంటే
కిటికీ పక్కన కూర్చుని పళ్ళు చేస్తాను,
ఇరవయ్యారేళ్ళుగా.

జివిలేవి మూడు అచ్చులున్నాయి అరమీద.
మొదటిదాంట్లో ఆమెకు పదమూడు.
నడిమి పళ్ళు రెండూ ఎడమొహం పెడమొహం.
కోరపళ్ళు ఖాళీ చూసి ముందుకు జరిగాయి,
రద్దీ బస్సులో ఎవరో లేచిన సీటుకి జరిగినట్టు.
ఆ పక్కపళ్ళు ఊడిపోయినవి కావు,
అసలు మొలవనే లేదు.
దవడలో విత్తే పడలేదు.

డాక్టర్ జుర్గా పద్దెనిమిది నెలలు తీగలు కట్టింది.
స్ప్రింగు పెట్టి, నెలకింత అని బతిమాలి,
ఎక్కడివాటినక్కడికి వెనక్కి పంపింది.
ఖాళీని పూడ్చడం కాదు ముందు,
ఖాళీని సరిగ్గా తయారు చెయ్యాలి.
మూడో అచ్చులో కొలిచి చూశాను:
అటు ఆరున్నర మిల్లీమీటర్లు,
ఇటూ అంతే.

పంటిబిగువున ఓర్చుకోవాలంటారు.
బిగించడానికే పళ్ళు చాలని పిల్లకి
ఆ మాట ఎవరు చెప్పారో గానీ
ఓర్చుకుంది.

శుక్రవారం రంగు సరిచూసుకోడానికి వచ్చింది.
ఉత్తరపు వెలుగులో నమూనాలు దగ్గర పెడితే
చెయ్యి దానంతటదే లేచి పెదాలు కప్పింది.
"తియ్యమ్మా" అన్నాను. తీసింది.
మళ్ళీ కప్పింది.
కుర్చీ వెనక వాళ్ళమ్మ ఇర్మీనా నవ్వింది.
అప్పుడు చూశాను, ఆమె ఎడమ పక్కపన్ను
సన్నగా, మేకులా, కాస్త పక్కకు తిరిగి.

వేళ్ళ సందుల్లోంచి పిల్ల అంది:
"నాదీ అలా పెట్టగలరా?
మరీ అంత కాదు. కొంచెం."

ఏడాదిన్నర వంకరలు తీసిన జుర్గాకి
నేనేం చెప్పను?

రాత్రి పింగాణీ పొడి కుంచెతో అద్దాను, పొర మీద పొర.
అంచున గాజు నీలం,
చిగురు దగ్గర పాత అంబరు రంగు.
వెనక ఒక పల్చని రెక్క,
కోరపన్ను వీపు పట్టుకుని వేలాడటానికి.
ఎముక ఎదగడం ఆగేదాకా ఇదే.
మరలు బిగించే మాట ఇరవై దాటాక.
కుడిది నిటారుగా నిలబెట్టాను.
ఎడమది
వెంట్రుకవాసి తిప్పాను.

అతికించిన రోజు జుర్గా ఫోన్ చేసింది.
"ఎడమది..." అని ఆగింది.
రేవు కూత ఫోన్లోనూ కిటికీలోనూ
ఒకేసారి వినిపించింది.
"సరే, ఉండనీ" అంది.

తర్వాత అంది:
"స" పలికితే ఇదివరకు ఈల వచ్చేదట,
ఇప్పుడు రావడం లేదని
వాళ్ళ తమ్ముడు
క్లినిక్ మెట్లమీద కూర్చుని ఏడుస్తున్నాడని.